‘షుగర్ మీరు చూసుకోండి, మనసు మాకు వదిలేయండి’ అన్నారా?

ప్రశ్న: పదకొండేళ్లు షుగర్ ఓపీలో పనిచేశాను. ఏడాది క్రితం నన్ను మానసిక వైద్య విభాగానికి సీనియర్ డయాబెటిస్ నర్సుగా వేశారు. ఇరవై మూడేళ్ల కుర్రాడొకడు స్కిజోఫ్రీనియాతో అడ్మిట్ అయ్యి, ఓలాంజపైన్‌తో బాగా కుదుటపడి ఇంటికి వెళ్లాడు. నాలుగు నెలలకి చెకప్‌కి వస్తే షుగర్ ఎక్కువుందని నా దగ్గరికి పంపారు. ఫాస్టింగ్ 164. అడ్మిషన్ నాడు 62 కిలోలున్నవాడు 71కి వచ్చాడు. ‘ఈ మాత్ర వల్లే నీకు షుగర్ వచ్చింది’ అని చెప్పాను. అబద్ధం కాదు కదా! ఇంటికెళ్లి మాత్ర మానేశాడు. ఐదు వారాల్లో జబ్బు తిరగబెట్టి మళ్లీ వార్డుకొచ్చాడు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు అందరి ముందూ ‘సిస్టర్, షుగర్ మీరు చూసుకోండి, మనసు మాకు వదిలేయండి’ అన్నారు. అప్పట్నుంచి పేషెంట్ ముందు నోరు విప్పాలంటే భయంగా ఉంది. తప్పు నాదేనా? అసలు ఈ వార్డులో నా పని ఎంతవరకు?

జవాబు:

సిస్టర్ గారూ,

అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తాను. తప్పులో మీ వాటా ఉంది. కాకపోతే అది మీరనుకుంటున్న చోట లేదు, డాక్టరుగారు వేలు పెట్టి చూపించిన చోట అసలే లేదు.

మీరు చెప్పింది నిజమే, సగమే చెప్పారు. ‘ఈ మాత్ర వల్లే’ అని మనం ఆపేస్తే మిగతా సగం పేషెంటే పూరించుకుంటాడు: ‘అయితే మానేస్తే పోతుందన్నమాట’. షుగర్ ఓపీలో ఈ మాట ఎంతమందికి చెప్పినా పెద్దగా ప్రమాదం జరగదు. స్టెరాయిడ్ వాడుతున్నాయన ‘అలాగా’ అని ఊరుకుంటాడు. ఇక్కడి కథ వేరు. తనకు జబ్బుందనే పూర్తిగా నమ్మకం కుదరని కుర్రాడికి, ఆ మాత్ర వేసుకోమని ఇంట్లో రోజూ పోరు పడుతున్నవాడికి, యూనిఫారం వేసుకున్న మనిషి నోటి నుంచే మానేయడానికి కారణం దొరికింది. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు చెప్పాల్సింది ఇలా ఉండేది: ‘నీకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది, ఆ గొంతులు తగ్గాయి అంటే ఈ మాత్ర పనిచేస్తోంది. దీనికి ఆకలి, బరువు, షుగర్ పెంచే గుణం కూడా ఉంది. దానికి దారులున్నాయి. మాత్ర మార్చొచ్చు, షుగర్‌కి విడిగా మందివ్వొచ్చు. ఏది మంచిదో డాక్టరుగారితో నేనే మాట్లాడి శుక్రవారం నీకు ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఒక్క పూట కూడా మానకు.’ ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట శుక్రవారం. గడువు లేని ‘చూద్దాం’తో ఇంటికి పంపితే మనిషి తన నిర్ణయం తనే తీసుకుంటాడు. రెండోది, అతను గది దాటకముందే మీరు సైకియాట్రీ ఓపీకి ఫోన్ చేసి ఉండాల్సింది. మీ వాటా తప్పు ఇంతే. చిన్నదని అనను, కానీ ఇంతే.

ఇప్పుడు పెద్ద తప్పు సంగతి. మీ ఉత్తరంలోనే ఉంది, మీరే రాసి మీరే చూసుకోలేదు. 62, 71. ఈ రెండు అంకెల మధ్య నాలుగు నెలలున్నాయి. ఆ నాలుగు నెలల్లో ఎవరూ అతన్ని బరువు యంత్రం ఎక్కించలేదా?

మధుమేహ వైద్యులూ మానసిక వైద్యులూ కలిసి ఇరవై ఏళ్ల కిందటే దీనికో లెక్క రాసిపెట్టారు. 2004లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్లు ఉమ్మడిగా ఇచ్చిన సూచనలవి. ఈ కోవ మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్, కొవ్వులు చూడాలి. తర్వాత 4, 8, 12 వారాలకి బరువు. 12 వారాలకి బీపీ, షుగర్, కొవ్వులు మళ్లీ. ఆపైన మూడు నెలలకోసారి బరువు, ఏడాదికోసారి షుగర్. మొదటి బరువు మీద 5 శాతం పెరిగితే మందు మార్చే విషయం ఆలోచించాలన్నారు. 62 కిలోల మనిషికి 5 శాతమంటే మూడు కిలోల పైచిలుకు. మీ కుర్రాడు తొమ్మిది పెరిగాడు. అంటే గంట ఎప్పుడో మోగింది, వినడానికి అక్కడ ఎవరూ లేరు. మీ దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. మీ మాట మీద పడ్డ నింద నాలుగో వారం నుంచీ ఎవరెవరిమీదో పడాల్సింది.

అందుకే డాక్టరుగారి మాటతో నేను ఏకీభవించను. ఆయన రాసిన మాత్ర మెదడు దగ్గరే ఆగిపోదు కదా. ఓలాంజపైన్, క్లోజపైన్ బరువునీ షుగర్‌నీ పెంచడంలో ముందుంటాయి. క్వెటయాపైన్, రిస్పెరిడోన్ వాటి తర్వాత. అరిపిప్రజోల్‌తో ఈ బెడద తక్కువ. క్లోజపైన్‌తో ఒక్కోసారి బరువు పెద్దగా పెరగకుండానే ఉన్నట్టుండి కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం అంటే ‘మళ్లీ మొదలెట్టాడు’ అనుకోకుండా స్ట్రిప్ పెట్టి చూడాలి. హెచ్‌బీఏ1సీ మీద ఆధారపడొద్దు. అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. మందు మొదలైన కొత్తలో షుగర్ గబగబా ఎక్కుతుంటే అది వెనకబడిపోతుంది. ఓపీ అలవాటు కొద్దీ అందరికీ అదే రాయించేస్తాం మనం.

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే పది నుంచి ఇరవై ఏళ్లు ముందే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ మరణాలు గుండె జబ్బుల్లాంటి శరీర వ్యాధుల వల్లే. ఇది తెలిశాక ‘మనసు మాకు, షుగర్ మీకు’ అని గీత గీయడం ఎవరి సౌకర్యం కోసం?

నేనూ ఈ పనే పదిహేడేళ్లు చేసి రిటైరయ్యాను. నా తప్పొకటి చెబుతాను, మీకు ధైర్యం వస్తుందని కాదు, పని ఎక్కడుందో తెలుస్తుందని.

వార్డుకి కొత్తగా వెళ్లిన రోజులు. నలభై దాటిన పేషెంట్, చాలాకాలంగా షుగర్, పూటపూటకీ ఇన్సులిన్. ఓపీలో ఇరవై మందికి రాసినట్టే ఇతని చార్టులోనూ ‘భోజనానికి ముందు ఇన్సులిన్’ అని ప్లాన్ రాయించి, ఇంటికి పోయాను. అతనికున్న భయం ఏమిటో అడగలేదు. తినేదాంట్లో ఏదో కలుపుతున్నారని అతని అనుమానం. ఆ రాత్రి ఇన్సులిన్ వేయించుకున్నాడు, పళ్లెం తోసేశాడు. ఇన్సులిన్ వేసినట్టు ఒకరు సంతకం పెట్టారు, పళ్లెం ఇంకొకరు తీసుకెళ్లిపోయారు. ఈ రెండూ ఒకే మనిషివని ఎవరికీ తట్టలేదు.

తొమ్మిదిన్నరకి వార్డులో అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు. తిట్లు. మామూలే అనుకున్నారు. ఎందుకంటే అతనికి మందుల వల్ల కుదురుగా కూర్చోలేని బాధ ముందునుంచీ ఉంది, దానికి ప్రొప్రనోలాల్ కూడా ఇస్తున్నారు. నిద్రపుచ్చే ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించేశారు. నేను మర్చిపోయిన ఫైలు కోసం వెనక్కి వెళ్లి అక్కడే నిలబడి ఉన్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకూ తట్టలేదు. చేయి వణకడం లేదు, నాడి పరుగెత్తడం లేదు. షుగర్ పడిపోతే ఈ రెండూ ఉండాలని కదా మనం నేర్చుకున్నది! ప్రొప్రనోలాల్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమటను మాత్రం కప్పదు. అతన్ని పట్టుకోబోయిన ఒక ట్రైనీ పిల్ల, ఉద్యోగంలో చేరి రెండు వారాలు కూడా కాలేదు, వీపు మీద చేయి వేసి ‘మేడమ్, చొక్కా పిండేలా ఉంది’ అంది. గ్లూకోమీటర్ పెడితే 44.

70 కంటే తగ్గితే షుగర్ డౌన్ అంటాం, 54 కంటే తగ్గితే గండం. మనిషి స్పృహలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. ఇది మీకు నిద్రలో అడిగినా వచ్చు. కానీ కలిపిచ్చిన గ్లాసును విషమనుకునేవాడి చేత ఎలా తాగిస్తారు? ఆ పిల్లే మళ్లీ సీలు తీయని గ్లూకోజ్ ప్యాకెట్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ‘మీరే చింపుకోండి, ముందు నేను కొంచెం తింటా’ అంది. చింపాడు. ఆమె అరచేతిలో పోశాడు. ఆమె నాలుక మీద వేసుకున్నాక మిగతాది తను తిన్నాడు. పావుగంటకి 81. మంచం మీద కూర్చుని, ‘ఎవరో ఒక చొక్కా ఇవ్వండి, చలేస్తోంది’ అన్నాడు.

మర్నాడు ప్లాన్ మార్చమని డాక్టర్‌తో మాట్లాడాను. తింటాడో లేదో తెలియనివాళ్లకి త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ని భోజనం అయిన వెంటనే, తిన్నదాన్ని బట్టి వేసేలా. పళ్లెం తీసేవాళ్లు సగం తిన్నాడా, అసలు తినలేదా అని నర్సుకి చెప్పేలా. మా వార్డులో ఆ తర్వాత నేను చేసిన పెద్ద పెద్ద పనులేవీ ఈ రెండో మార్పుకి సాటి రావు. మీ పని ఎంతవరకు అని అడిగారుగా, పళ్లెం తీసేవాళ్ల వరకు.

ఆ వార్డు నర్సులు మానసిక వైద్యంలో ఆరితేరినవాళ్లు. ఒక పేషెంట్ గొంతు పెరగకముందే కళ్లల్లో చూసి కనిపెట్టేస్తారు. వాళ్లకి షుగర్ అంటే మాత్రం పదేళ్ల కిందటి ట్రైనింగ్ క్లాసే. మీరు ఒక్కరు, వార్డులో మూడు షిఫ్టులు. పేషెంట్లందరి షుగర్ మీరే చూసుకుంటానంటే మీరు లేని రాత్రి తొమ్మిదిన్నర ఎవరిది? కాబట్టి మొదటి ఆరు నెలలు మీ పేషెంట్లు వాళ్లే అనుకోండి. క్లాసులు పెట్టకండి, ఎవరూ వినరు. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ జరిగే పది నిమిషాల్లో ఒక్కొక్క విషయం. ‘హఠాత్తుగా గొడవ చేస్తే ముందు మీటర్, తర్వాత సిరంజి.’ అలా వారానికో మాట. బదులుగా వాళ్ల దగ్గర మీరు నేర్చుకోవాల్సింది కొండంత ఉంది, అనుమానంతో ఉన్న మనిషి వేలు ఎలా గుచ్చాలన్న దగ్గర్నుంచి.

మూడ్‌ని నిలకడగా ఉంచడానికి ఇచ్చే లిథియం వాడేవాళ్ల గురించి ఒక్క మాట. ‘దాహం, గంటగంటకీ ఒంటికి’ అనగానే మనకి షుగరే గుర్తొస్తుంది. లిథియం కూడా మూత్రపిండాల మీద పనిచేసి సరిగ్గా ఇవే లక్షణాలు తెప్పిస్తుంది, అప్పుడు షుగర్ మామూలుగా ఉంటుంది. స్ట్రిప్ చూశాకే మాట్లాడండి. ఇక షుగర్ పేషెంట్లకి మనం అలవాటుగా చూసే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు రక్తంలో లిథియం మోతాదును పెంచేస్తాయి. ఫిజీషియన్ ఒక చీటీలో, సైకియాట్రిస్ట్ ఇంకో చీటీలో రాస్తారు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేది ఆసుపత్రి మొత్తంలో మీరొక్కరే కావచ్చు.

ఇప్పుడు అసలు మీరు భయపడుతున్న వైపు, అంటే మనసు వైపు వద్దాం. మనసు జోలికి వెళ్లకుండా షుగర్ చూడటం కుదరదు. రీడింగుల పుస్తకం ఖాళీగా తెచ్చినవాడిని మనం ‘ఎందుకు చూసుకోలేదు?’ అని నిలదీస్తాం. షుగర్ పోలీసులం. వాడు నిజంగా డిప్రెషన్‌లో ఉన్నాడా, లేక రోజూ వేలు గుచ్చుకుని, ప్రతి ముద్దకీ లెక్క చెప్పుకుని విసిగిపోయాడా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండోదానికి మాత్రలు పనిచేయవు, భారం తగ్గించాలి. రోజుకి నాలుగుసార్లు చూసుకోమన్నది రెండుకి తగ్గించినా సరే. దీన్ని కొలవడానికి 1995 నుంచీ 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, పెయిడ్ అంటారు. నేను మాత్రం పట్టికకి ముందు ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ‘షుగర్‌తో మీకు అన్నిటికంటే విసుగు తెప్పించేది ఏంటి?’ ఒకావిడ, ఏళ్ల తరబడి మా దగ్గరికి వస్తున్నావిడ, అన్నది: ‘మీరు నా మొహం చూడకముందే నా పుస్తకం చూస్తారు.’ ఆ రోజు నుంచి పుస్తకం చివర్లో తీశాను.

డిప్రెషన్ అనిపిస్తే పీహెచ్‌క్యూ-9 ఉంది, తొమ్మిది ప్రశ్నలు. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. చాలామంది నర్సులు దాన్ని గొంతు తగ్గించి గబగబా చదివేసి ‘లేవు కదా?’ అంటారు. ‘లేవు’ అనక చస్తారా! అలా అడక్కండి. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పెన్ను కింద పెట్టి, ‘బతకడం వద్దనిపించిందా ఎప్పుడైనా?’ అని మామూలు గొంతుతో అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఇన్సులిన్ వాడే మనిషి విషయంలో ఈ ప్రశ్న దాటేయడానికి మనకి హక్కు లేదు. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే సైకియాట్రిస్ట్‌ని పిలిపించండి. రేపటికి వాయిదా లేదు. డిశ్చార్జ్ రోజున ఎన్ని ఇన్సులిన్ పెన్నులు ఇంటికి వెళ్తున్నాయి, ఎవరి చేతిలో ఉంటాయి అన్నది కుటుంబంతో కూర్చుని మీరే తేల్చాలి. డాక్టర్లకి ఆ లెక్క తట్టదు.

ఇంకో రకం ఉంది. టైప్ 1, అంటే ఇన్సులిన్ లేనిదే బతకలేని షుగర్ ఉన్న ఆడపిల్లలు, ఎక్కువగా పదిహేను నుంచి పాతికలోపు, లావవుతామని ఇన్సులిన్ ఎగ్గొట్టేవాళ్లు. మాటిమాటికీ కీటోన్లతో అడ్మిట్ అవుతుంటారు, బరువు చూస్తామంటే ఏదో సాకు చెబుతారు. నిర్లక్ష్యం అని కేస్ షీట్‌లో రాసేస్తాం. అది తిండికీ శరీరానికీ సంబంధించిన మానసిక వ్యాధి, వైద్యం ఉన్నదే. ‘వేసుకుంటే లావవుతానని భయమా?’ అని మెల్లగా అడిగి చూడండి. కొందరు ఏడ్చేస్తారు, ఇన్నాళ్లకి ఎవరో అడిగారని.

ఇన్సులిన్ అంటే మానసిక వైద్యంలో పాత కథ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. 1933లో మాన్‌ఫ్రెడ్ సాకెల్ అనే వియన్నా డాక్టరు స్కిజోఫ్రీనియా రోగులకి కావాలని ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి పంపే వైద్యం ప్రకటించాడు. రెండు దశాబ్దాలకు పైగా చాలా దేశాల్లో అదే గొప్ప చికిత్స. కోమాలోంచి గ్లూకోజ్ ఇచ్చి వెనక్కి తెచ్చేదాకా మంచం పక్కన కాపలా కూర్చున్నది ఎవరనుకున్నారు? నర్సులే.

మీ డాక్టరుగారి సంగతికి వస్తాను. రౌండ్స్‌లో జవాబు చెప్పకపోవడం మంచిదైంది. విడిగా పది నిమిషాలు అడగండి. సంజాయిషీ మొదలెట్టకండి. ‘సార్, మందు మానేయకూడదని చెప్పకుండా పంపడం నా పొరపాటు. ఇకముందు మందు గురించి పేషెంట్‌కి ఏం చెప్పాలన్నా ముందు మీతో మాట్లాడి చెబుతాను. మీరు కొత్త మందు రాసిన రోజే నాకు కబురు పంపండి, నాలుగో వారం బరువు నేను చూసి మీకు పంపిస్తాను’ అనండి. ఆయనకి పని తగ్గించే మాట ఇది, కాదనరు. మందు మార్చడం, డోసు మార్చడం, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కలపడం ఆయన నిర్ణయం. అది మాత్రం నిజంగానే మీ హద్దు, దాటొద్దు. ఏ వారంలో ఎంత పెరిగిందో కాగితం మీద ఆయన ముందు పెట్టడం మీ హద్దులోపలే ఉంది.

ఆయన రుజువు అడిగితే, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 214 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధన ఉంది, టీమ్‌కేర్ అంటారు. డిప్రెషన్‌తో పాటు అదుపులో లేని షుగరో గుండె జబ్బో ఉన్నవాళ్లు. సగం మందికి ఒక నర్సు, డాక్టర్ల పర్యవేక్షణలో, మనసునీ శరీరాన్నీ కలిపి చూసుకుంది. ఏడాదికి వాళ్ల షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, డిప్రెషన్ నాలుగూ మిగతావాళ్లకంటే మెరుగయ్యాయి. రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండటమే అక్కడి కిటుకు.

ఇక ఆ కుర్రాడు. ఇప్పుడు వార్డులోనే ఉన్నాడన్నారు, మీరు అతని మంచం దాటుకుని పోతున్నారని నా అనుమానం. కాస్త కుదుటపడ్డాక వెళ్లండి. ‘ఆ రోజు నీకు సగమే చెప్పాను, మిగతా సగం చెప్పడానికొచ్చా’ అనండి. సారీ చెప్పడానికి మొహమాటపడకండి. పేషెంట్‌కి క్షమాపణ చెప్పిన నర్సుని చూసి వార్డు వార్డంతా కొన్నాళ్లు చెవులు కొరుక్కుంటుంది, కొరుక్కోనివ్వండి. అతనేమైనా అడిగితే చెప్పండి, అడక్కపోతే కాసేపు కూర్చుని లేచి రండి. ఆ రోజు మాత్రం గ్లూకోమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లకండి, బరువు చూసుకుందాం రమ్మని పిలవకండి.